మూడేళ్లుగా ఫిట్స్ రాలేదు, ఇక మాత్రలు మానేయవచ్చా?

వేకువచుక్క

నాకు ఇప్పుడు 25 ఏళ్లు. పదహారో ఏట పరీక్షల కోసం వరుసగా రెండు రాత్రులు మేలుకున్నాక, ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా మొదటిసారి పెద్ద ఫిట్ వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్లలో మరో ఐదుసార్లు వచ్చింది. ప్రస్తుతం వాల్‌ప్రోయేట్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. మూడేళ్ల రెండు నెలలుగా ఒక్కసారి కూడా స్పృహ తప్పలేదు. అయితే ఈ మూడేళ్లలోనే 9 కిలోల బరువు పెరిగాను, తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వస్తోంది, కప్పు పట్టుకుంటే చేయి సన్నగా వణుకుతోంది. వచ్చే ఏడాది పిల్లల గురించి ఆలోచించాలని నేనూ మావారూ అనుకుంటున్నాం.

మందు ఎప్పుడు ఆపుతారని పోయిన నెల డాక్టరుగారిని అడిగితే, ఇది జీవితాంతం వేసుకోవలసినదని ఒక్క మాట చెప్పి, పాత మందులే మళ్లీ రాసి ఇచ్చారు. ఎందుకు జీవితాంతం వేసుకోవాలో చెప్పలేదు. పిల్లల సంగతి ఆయన అడగలేదు, ఆ మాట ఎత్తే ధైర్యం నాకూ రాలేదు. మూడేళ్లు జ్వరం రాకపోతే ఎవరూ జ్వరం మాత్ర వేసుకోరు కదా, మరి నా జబ్బు నయమైనట్టా, కానట్టా? రాత్రి మాత్రను ముందు సగం చేసి, నెల తరువాత పూర్తిగా మానేసి చూద్దామని ఉంది. అలా మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కలమాస్టారు

దయచేసి సొంతంగా తగ్గించవద్దు. నేను డాక్టరును కాను, కానీ మా అబ్బాయి విషయంలో ఇదే ప్రశ్న వచ్చినప్పుడు దీని గురించి చాలా చదివాను. కనీసం రెండేళ్లుగా ఫిట్స్ లేనివారిని వెయ్యిమందికి పైగా తీసుకుని, కొందరికి మందు కొనసాగిస్తూ, కొందరికి మెల్లగా ఆపుతూ బ్రిటన్‌లో ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 1991లో వచ్చాయి. రెండేళ్లు గడిచేసరికి, మందు కొనసాగించినవారిలో 78 శాతం మందికి, ఆపినవారిలో 59 శాతం మందికి ఒక్క ఫిట్ కూడా రాలేదు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చూడాలి. మానేసినవారిలో సగానికి పైగా బాగానే ఉన్నారన్నది నిజం. మానకుండా వేసుకున్నవారిలోనూ ప్రతి వందమందిలో 22 మందికి మళ్లీ వచ్చిందన్నది కూడా నిజమే. కానీ మందు ఆపినందువల్ల అదనంగా ప్రతి వందమందిలో 19 మందికి ఫిట్ వచ్చింది. ఆ 19 మందిలో మీరు ఉంటారో ఉండరో అధ్యయనం చెప్పదు.

చిరుగాలి

మాస్టారుగారి అంకెలు సరే గానీ, ఊరికే భయపెట్టడం వల్ల కూడా నష్టం ఉంది. నాకు ఏడేళ్ల వయసులో నిద్రలో మూతి ఒక పక్కకు లాగేసి, చొంగ కారుతూ, మాట రాకుండా ఫిట్స్ వచ్చేవి. నాలుగేళ్లు మందు వాడి, డాక్టరు సలహాతోనే మూడు నెలల్లో మెల్లగా తగ్గించి మానేశాను. ఇప్పటికి 15 ఏళ్లు గడిచాయి, మళ్లీ రాలేదు. మూర్ఛ అనగానే జీవితాంతం మందు అనుకుని కుంగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. నయమయ్యేవాళ్లు కూడా ఉన్నారని చెప్పాలి.

మందులచీటీ

ఫార్మసిస్టుగా నా వైపు నుంచి ఒక మాట. జ్వరం మాత్రతో పోలిక దగ్గరే చిక్కు ఉంది. వీటిని ఇదివరకు మూర్ఛవ్యాధి నివారణ మందులు అనేవారు, ఇప్పుడు నిపుణులు ఫిట్స్‌ను అణిచే మందులు అనడానికే ఇష్టపడుతున్నారు. పేరు మార్చడానికి కారణం మీరు అడిగిన ప్రశ్నే. ఫిట్ అంటే మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా, గుంపుగా విద్యుత్ సంకేతాలు వెదజల్లడం. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, లామోట్రిజిన్ వంటివి కణంలోకి సోడియం చొరబడే ద్వారాలను మందగింపజేస్తాయి. క్లోబజామ్, ఫీనోబార్బిటాల్ మెదడులో సహజంగా ఉండే గాబా అనే శాంతపరిచే రసాయనానికి బలం చేకూరుస్తాయి. లెవెటిరాసిటామ్ నాడీసంధి దగ్గర ఎస్‌వీ2ఏ అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. వాల్‌ప్రోయేట్ ఒకటికి మించిన దారుల్లో పనిచేస్తుంది. వీటిలో ఏదీ మెదడులో అసలు ఉన్న ధోరణిని మార్చదు, రక్తంలో ఉన్నంతసేపు ఫిట్‌ను ఆపుతుంది. మందు ఆపాక కూడా ఫిట్స్ రాకపోతే అది మందు చేసిన పని కాదు, వయసుతో పాటు ఆ ధోరణి తనంతట తాను పోయిందన్నమాట. చిరుగాలిగారి విషయంలో జరిగింది బహుశా అదే.

వేకువచుక్కగారూ, మీది ఏ రకం మూర్ఛ అని ఎవరైనా చెప్పారా? పెద్ద ఫిట్ కాకుండా, ఉదయం పూట చేతులు ఉన్నట్టుండి కుదుపుకోవడం లాంటిది ఎప్పుడైనా ఉండేదా?

వేకువచుక్క

రకం పేరు ఎవరూ చెప్పలేదు, చీటీ మీద ‘మూర్ఛ’ అని మాత్రమే ఉంటుంది. కుదుపుల సంగతి మీకెలా తెలిసిందో గానీ, పద్నాలుగో ఏట నుంచే ఉండేవి. నిద్ర లేచిన గంటలోపు, ఎవరో వెనక నుంచి మోచేతిని తట్టినట్టు చేయి ఎగిరిపడేది. పాల గ్లాసు రెండుసార్లు గోడకు తగిలింది, దువ్వెన చేతిలోంచి ఎగిరి గది అవతల పడేది. అజాగ్రత్త అని ఇంట్లో తిట్టారు, నేనూ అదే అనుకున్నాను. మొదటి ఫిట్ తరువాత వేరే డాక్టరుగారు కార్బమాజెపిన్ ఇచ్చారు. అది వేసుకున్న నెలరోజులూ కుదుపులు ఇంకా ఎక్కువయ్యాయి, చెంచాతో తినడం కూడా కష్టమైంది. ఆ తరువాతే వాల్‌ప్రోయేట్‌కు మార్చారు. ఇప్పుడు కుదుపులు దాదాపు లేవు, నిద్ర చాలనిరోజు మాత్రం ఒకటీ అరా వస్తుంటాయి.

నైట్‌డ్యూటీ

నేను నాడీవైద్య విభాగంలో శిక్షణలో ఉన్న డాక్టరును. మనిషిని చూడకుండా, ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) చూడకుండా రోగం ఇదీ అని చెప్పకూడదు, చెప్పను కూడా. కానీ కౌమారంలో మొదలవడం, ఉదయపు కుదుపులు, నిద్రలేమితో పెద్ద ఫిట్, కార్బమాజెపిన్‌తో కుదుపులు పెరగడం, ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే మాకు ముందుగా గుర్తొచ్చేది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే కౌమారంలో మొదలయ్యే కుదుపుల మూర్ఛ. మీ డాక్టరును సూటిగా అడగవలసిన ప్రశ్న ఇదే: నాది ఈ రకమేనా?

ఈ పేరు తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, పైన మాస్టారుగారు, చిరుగాలిగారు చెప్పినవి రెండూ నిజమే అయినా ఏది మీకు వర్తిస్తుందో తేల్చేది ఈ పేరే. చిరుగాలిగారు వర్ణించినది చిన్నపిల్లల్లో వచ్చే రోలాండిక్ మూర్ఛలా ఉంది, అది యుక్తవయసు వచ్చేసరికి దాదాపు అందరిలోనూ పోతుంది. జువెనైల్ మయోక్లోనిక్ రకం అలా కాదు. ఇది మందుకు చాలా చక్కగా లొంగుతుంది, కానీ మందు ఆపితే ఎక్కువమందిలో తిరిగి వస్తుంది. మూడేళ్లు కాదు, పదేళ్లు ప్రశాంతంగా ఉన్నవారిలో కూడా తిరిగి రావడం చూశాం. 1991 నాటి ఆ అధ్యయనంలో అన్ని రకాలవారూ కలిసి ఉన్నారు కాబట్టి, ఆ 59 శాతాన్ని మీకు మీరు అన్వయించుకోవద్దు.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది, మీరు దాన్ని దాదాపు మాటవరసకు అన్నట్టు చెప్పారు. మీరు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నారు, పిల్లలు కావాలనుకుంటున్నారు. గర్భంలో వాల్‌ప్రోయేట్‌కు గురైన పిల్లల్లో ప్రతి 10 మందిలో ఒకరికి వెన్నుపాము, గుండె, అంగిలి వంటి చోట్ల పెద్ద లోపాలు ఏర్పడుతున్నాయి. మామూలుగా ఇది వందకు రెండు మూడు మాత్రమే. పుట్టుకతో ఏ లోపమూ కనిపించనివారిలో కూడా 30 నుంచి 40 శాతం మందికి మాట, నడక, తెలివితేటలు, ప్రవర్తనలో ఎదుగుదల సమస్యలు వస్తున్నాయి. డోసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో, గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలకు ప్రత్యేకమైన జాగ్రత్తల ఏర్పాటు లేకుండా ఈ మందు ఇవ్వకూడదని నిబంధన పెట్టింది. వెన్నుపాము రూపుదిద్దుకునేది గర్భం వచ్చిన మొదటి నాలుగైదు వారాల్లోనే, అంటే చాలామందికి గర్భం వచ్చిందని తెలియకముందే. కాబట్టి ఇది గర్భం వచ్చాక మాట్లాడుకోవలసిన విషయం కాదు.

అలాగని రేపే ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానడమా, కొనసాగించడమా అని అడగకండి. దేనికి మారాలి, ఎంత మెల్లగా మారాలి అని అడగండి.

వేకువచుక్క

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇన్నేళ్లుగా ఈ మందు వేసుకుంటున్నాను, ఈ విషయం నాకు ఇప్పటివరకూ ఒక్కరు కూడా చెప్పలేదు. మందు డబ్బాలోని కాగితం ఇప్పుడు తీసి చూస్తే అందులో ఉంది, మడతల మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇంకా ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది.

ఇద్దరుపిల్లలఅమ్మ

మీరు ఇప్పుడు పడుతున్న భయం నేను పడ్డాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. నాదీ మీలాంటి మూర్ఛే, నేనూ వాల్‌ప్రోయేట్ మీదే ఉండేదాన్ని. మా డాక్టరమ్మ గర్భం ప్రయత్నానికి ఏడాది ముందే లామోట్రిజిన్‌కు మార్చడం మొదలుపెట్టారు. అది ఎంత నెమ్మదిగా సాగిందంటే, మొదటి రెండు వారాలు 25 మిల్లీగ్రాముల మాత్ర రోజు విడిచి రోజు, తరువాతి రెండు వారాలు రోజూ 25, అంతే. ఈ మందును తొందరపడి పెంచితే ఒంటి మీద దద్దురు లేచి, అరుదుగా చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన ప్రతిచర్యకు దారితీస్తుందట. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే లామోట్రిజిన్ ఒంట్లో రెట్టింపు నిలుస్తుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. నేను రోజు విడిచి రోజు అన్నది మరిచిపోకుండా కేలండరులో తేదీల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టేదాన్ని. సున్నా లేని రోజున మాత్రల డబ్బా బీరువా పై అరలో పెట్టేదాన్ని.

గర్భం వచ్చాక ఇంకో సంగతి. లామోట్రిజిన్‌ను గర్భిణి శరీరం చాలా వేగంగా బయటికి పంపేస్తుంది. నెలనెలా రక్తంలో మందు మోతాదు పరీక్ష చేయించాం. నాలుగో నెలలో అది సగానికి పడిపోతే డోసు పెంచారు, ఏడో నెలలో మళ్లీ పెంచారు. కాన్పు అయ్యాక రెండు మూడు వారాల్లో శరీరం పాత వేగానికి వచ్చేస్తుంది కాబట్టి డోసును వెనక్కి తగ్గించే పట్టిక ముందే రాసి ఇచ్చారు. అది పాటించకపోతే తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం వస్తాయని చెప్పారు. ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకున్నాను. ఇద్దరికీ పాలిచ్చాను. పెద్దవాడికి ఇప్పుడు 8 ఏళ్లు.

రెండో కాన్పు తరువాత మాత్రం, రాత్రుళ్లు బిడ్డతో నిద్రలేక ఒక ఫిట్ వచ్చింది. ఆ రోజు నుంచి రాత్రి రెండో పూట బిడ్డను మావారే చూసుకున్నారు. మీరూ మీవారితో ఆ ఒప్పందం ముందే చేసుకోండి, మందంత ముఖ్యం అది.

చిరుగాలి

నైట్‌డ్యూటీగారి వివరణ తరువాత నా మొదటి మాటను సవరించుకుంటున్నాను. నా అనుభవాన్ని అందరికీ వర్తింపజేయకూడదు. ఒక సందేహం: లామోట్రిజిన్‌కు ఇన్ని నెలలు పడుతుంటే, లెవెటిరాసిటామ్‌కు మారవచ్చు కదా? అది త్వరగా పూర్తి డోసుకు చేరుతుందని, గర్భంలో కూడా సురక్షితమైనవాటిలో ఒకటని విన్నాను.

మితభాషి

నేను అది వాడాను. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయి. మూడో వారం నుంచి మాత్రం నేను నేను కాకుండా పోయాను. చిన్న మాటకే గొంతు చించుకునేవాణ్ణి. ఒకనాడు మా అమ్మాయి పెన్సిలు కింద పడేసిందని అరిస్తే, అది మంచం కిందికి వెళ్లి దాక్కుంది. మందు వల్ల అని నాకు తట్టలేదు, మా ఆవిడే తేదీలు సరిచూసి పట్టుకుంది. మందు మార్చాక పది రోజుల్లో తగ్గింది.

నీలిమేఘం

మితభాషిగారి బాధను తక్కువ చేయడం లేదు, కానీ చదివేవాళ్లు ఆ మందు అంటేనే భయపడకూడదని రాస్తున్నాను. మావాడు నాలుగేళ్లుగా అదే వాడుతున్నాడు. కోపమూ లేదు, మందకొడితనమూ లేదు, చదువు బాగుంది. అంతకుముందు టోపిరామేట్ వాడినప్పుడు నోటి దాకా వచ్చిన మాట అందక తడుముకునేవాడు, వేళ్లు తిమ్మిరెక్కేవి. ఒకరికి పడనిది ఇంకొకరికి అమృతంలా పనిచేస్తుంది.

నైట్‌డ్యూటీ

ఇద్దరూ చెప్పింది నిజమే. లెవెటిరాసిటామ్ వాడేవారిలో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి, ఎక్కువమందికి రావు. ఇదివరకే డిప్రెషన్ వంటివి ఉన్నవారిలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచాలి. మార్పు మనకంటే ముందు వాళ్లకే కనిపిస్తుంది. లామోట్రిజిన్‌కు ఈ ఇబ్బంది తక్కువ, పైగా బైపోలార్ రుగ్మతలో దిగులు మళ్లీ మళ్లీ రాకుండా కూడా దాన్ని వాడతాం. కాకపోతే జువెనైల్ మయోక్లోనిక్ రకంలో అది కొందరికి కుదుపులను పెంచుతుంది.

పసిదీపం

రకం పేరు తెలియాలన్న మాటకు మా పాప సాక్ష్యం. ఆరో నెలలో జ్వరంతో మొదలైన ఫిట్ అరగంట ఆగలేదు. ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఒకదాని తరువాత ఒకటిగా సోడియం ద్వారాల మీద పనిచేసే మందులే ఇచ్చారు, ప్రతిసారీ ఎక్కువయ్యాయి. చివరికి జన్యుపరీక్షలో ఎస్‌సీఎన్1ఏ జన్యువులో మార్పు ఉందని, అది డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ అని తేలింది. అందులో ఆ ద్వారాలు పుట్టుకతోనే బలహీనంగా ఉంటాయట, వాటినే మరింత మూసే మందులు ఇస్తే ఎక్కువ కాక ఏమవుతుంది? ఆ మందులు ఆపి, వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, స్టిరిపెంటాల్ కలిపి ఇచ్చాక నెలకు ముప్పై ఉండేవి నాలుగుకు దిగాయి. పూర్తిగా పోలేదు. కానీ పాప ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

మందులచీటీ

పసిదీపంగారూ, ఆ చివరి వాక్యం చాలాసేపు వెంటాడింది.

మాత్ర సరైనదే అయినా ఫిట్ వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి, మందులు ఇచ్చే బల్ల దగ్గర నేను పదే పదే చూసేవి రాస్తాను. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్ స్థాయిని దాదాపు సగానికి పడగొడతాయి. దీనికి పూర్తిగా తిరగబడిన కథ కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, ఫీనోబార్బిటాల్‌లది: అవి కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తించి గర్భనిరోధక మాత్రనే పనిచేయకుండా చేస్తాయి. ఇక వాల్‌ప్రోయేట్ మీద ఉన్న మనిషి ఏదో ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరితే, మెరోపెనెమ్ తరగతి యాంటీబయాటిక్ ఎక్కించిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ అడుగంటిపోతుంది. ఏ కారణంతో ఆసుపత్రికి వెళ్లినా మీ ఫిట్స్ మందు పేరు ముందు చెప్పండి.

ఇంకొకటి, లామోట్రిజిన్‌ను ఐదారు రోజులు వరుసగా మరిచిపోతే, మళ్లీ పాత డోసుతో మొదలుపెట్టకూడదు, కింది మెట్టు నుంచి ఎక్కాలి. ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. నిదానంగా కరిగేలా తయారుచేసిన మాత్రను నలిపి మింగకూడదు.

అరవైదాటినవాడు

మీరంతా కొత్త మందుల గురించి మాట్లాడుతుంటే పాత మందు వాడినవాడిగా నేనూ ఒక అనుభవం చెబుతాను. నేను 31 ఏళ్లు ఫెనిటాయిన్ వాడాను. ఫిట్స్ ఆపింది, ఆ కృతజ్ఞత ఉంది. కానీ చిగుళ్లు పెరిగి పళ్లను సగం కప్పేశాయి, రెండుసార్లు కోయించుకున్నాను. ఒకసారి 300 మిల్లీగ్రాములు చాలడం లేదని రోజుకు 400 చేశారు. మూడోవంతు పెంచితే ప్రభావం కూడా మూడోవంతే పెరుగుతుందనుకుంటాం కదా. రెండు వారాల్లో తాగినవాడిలా తూలిపోయి, గోడ పట్టుకుని నడిచాను, అక్షరాలు ఊగుతూ కనిపించాయి. ఫెనిటాయిన్‌ను విరిచే ఎంజైమ్ ఒక హద్దు దాటాక ఇక చేతులెత్తేస్తుందని, అక్కడి నుంచి చిటికెడు పెంచినా రక్తంలో గంపెడు పెరుగుతుందని అప్పుడు చెప్పారు. అందుకే దాన్ని రక్తపరీక్ష చేస్తూ పెంచాలి. ఎముకలు కూడా గుల్లబారాయి, ఇప్పుడు విటమిన్ డి, కాల్షియం వేసుకుంటున్నాను.

అయినా ఈ మందు వచ్చిన 1938కి ముందు మనుషులకు ప్రధానంగా దొరికినవి రెండే: 1857 నుంచి వాడుకలోకి వచ్చిన బ్రోమైడు, 1912లో హౌప్ట్‌మన్ అనే జర్మన్ వైద్యుడు ఫిట్స్‌కు పనికొస్తుందని గమనించిన ఫీనోబార్బిటాల్. రెండూ మనిషిని మత్తులో ముంచేవే. మత్తు లేకుండా ఫిట్‌ను ఆపవచ్చని మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు ఫెనిటాయిన్‌తోనే చూపించారు. మీ వాల్‌ప్రోయేట్ అయితే ఇంకా విచిత్రం. 1882లోనే తయారైనా, ఎనభై ఏళ్లు వేరే పదార్థాలను కరిగించడానికి మాత్రమే వాడారు. 1960లలో ఫ్రాన్స్‌లో వేరే మందులను అందులో కరిగించి పరీక్షిస్తుంటే, మందులన్నీ పనిచేస్తున్నట్టు కనిపించిందట. చూస్తే పనిచేస్తున్నది అవి కాదు, కరిగించిన ద్రవమే.

గోడగడియారం

వేకువచుక్కగారు సొంతంగా మానేద్దామన్నారు కాబట్టి ఇది రాయక తప్పదు. మా తమ్ముడు నాలుగేళ్లు బాగున్నాక, ఎవరికీ చెప్పకుండా క్లోబజామ్, లెవెటిరాసిటామ్ రెండూ ఒకేరోజు మానేశాడు. మూడో రోజు రాత్రి స్నానాలగదిలో చప్పుడైంది. నేను తలుపు తోసుకుని వెళ్లి, గోడ మీది గడియారం చూశాను: 10 గంటల 40 నిమిషాలు. ఒక ఫిట్ ఆగింది, తెలివి రాకముందే రెండోది మొదలైంది. ఐదు నిమిషాలు దాటితే అది తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుందని, అత్యవసర పరిస్థితిగా చూడాలని మాకు ముందే చెప్పి ఉన్నారు. ముక్కులో కొట్టే మిడజోలామ్ అనే అత్యవసర మందు ఇంట్లో ఉంది కాబట్టి ఇచ్చి, అంబులెన్సుకు ఫోన్ చేశాం. ఆసుపత్రిలో సిర ద్వారా మందులు ఎక్కించి ఆపేసరికి గంట దాటింది. ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు.

పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి నోట్లో చెంచా పెట్టబోతే నేను చేయి అడ్డం పెట్టాను. నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. తల కింద మెత్తనిది పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి.

లెక్కలమాస్టారు

ఇంకో అంకె చెప్పక తప్పదు, ఇది చాలామంది డాక్టర్లు కూడా చెప్పడానికి వెనకాడే విషయం. మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏటా వెయ్యిమందిలో సుమారు ఒకరు, వేరే ఏ కారణమూ దొరకకుండా హఠాత్తుగా మరణిస్తున్నారు. ఎక్కువగా నిద్రలో జరుగుతుంది. పెద్ద ఫిట్స్ అదుపులో లేకపోవడమే దీనికి అన్నిటికంటే పెద్ద కారణం. మాత్ర ఎందుకని మా అబ్బాయి విసుక్కున్నప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పాను. వాడికి 19 ఏళ్లు, తెలుసుకునే హక్కు ఉంది. ఆ తరువాత నేను గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.

మూడోమందు

మందు మానడం గురించి ఇంత చర్చ జరిగింది, మందు పనిచేయనివాళ్ల గురించి కూడా ఒకరు రాయాలి. మా ఆవిడకు ఒక నిమిషం పాటు చూపు నిలిచిపోయి, పెదవులు చప్పరిస్తూ, చీర అంచు వేళ్లతో నలుపుతూ ఉండే ఫిట్స్ వారానికి రెండు మూడు వచ్చేవి. 14 ఏళ్లలో ఆరు మందులు మార్చారు. సరైన మందులు రెండు, సరైన డోసులో విఫలమైతే దాన్ని మందుకు లొంగని మూర్ఛగా పరిగణించి ప్రత్యేక కేంద్రానికి పంపాలని అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం 2010లోనే నిర్వచించింది. మూడో మందుతో ఫిట్స్ పూర్తిగా ఆగే అవకాశం చాలా తక్కువని అంతకు పదేళ్ల ముందే తెలుసు. అయినా మమ్మల్ని ఎవరూ పంపలేదు, మేమే వెతుక్కుంటూ వెళ్లాం.

ఎంఆర్‌ఐలో మెదడు కుడివైపు కణత భాగంలో మచ్చ కనిపించింది. వారం రోజులు వీడియో ఈఈజీలో పెట్టి, ఫిట్స్ అక్కడి నుంచే మొదలవుతున్నాయని రూఢి చేసుకుని శస్త్రచికిత్స చేశారు. ఈ రకం మూర్ఛలో శస్త్రచికిత్సను మందులతో పోల్చిన 2001 నాటి అధ్యయనంలో, ఏడాది తరువాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివారు శస్త్రచికిత్స జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. ఈ అంకెలు 14 ఏళ్ల ముందు మా చేతిలో ఉండి ఉంటే! ఇప్పుడు రెండేళ్లుగా ఫిట్ లేదు. ఒక్క మందు ఇంకా వేసుకుంటోంది, ఆ ఒక్కటి ఆపమని ఆమె అడగడం లేదు.

వేకువచుక్క

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మాత్ర తగ్గించలేదు. ఈ చర్చలోంచి ఏడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, మావారిని వెంటబెట్టుకుని వేరే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె పాత ఈఈజీ కాగితాలు తెప్పించి, నిద్ర తగ్గించి వచ్చిన ఉదయం కొత్తగా ఇంకొకటి తీయించారు. చీటీ మీద మొదటిసారి పేరు రాశారు, జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీయే. మొదటి డాక్టరుగారు జీవితాంతం అన్నది తప్పు కాదని, ఎందుకో చెప్పకపోవడమే తప్పని అన్నారు.

కాలేజీలో ఉన్నప్పుడు దిగులుతో ఏడాది పాటు చికిత్స తీసుకున్నానని చెప్పాను, అందువల్ల లెవెటిరాసిటామ్ పక్కన పెట్టి లామోట్రిజిన్ ఎంచుకున్నారు. కుదుపులు పెరిగితే వెంటనే చెప్పాలి, అప్పుడు ఆలోచన మారుస్తారు. 25 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు మొదలైంది. అది తగిన డోసుకు చేరాకే వాల్‌ప్రోయేట్‌ను నెలనెలా కొంత చొప్పున తగ్గిస్తారు. అది పూర్తిగా ఆగి, కొన్ని నెలలు నిలకడగా గడిచేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఏడాది అనుకున్నది ఏడాదిన్నర అవుతుంది. మావారు పర్వాలేదన్నారు, నాకు మాత్రం ఇంటికి వచ్చాక ఏడుపొచ్చింది.

ఇద్దరుపిల్లలఅమ్మ

ఆ ఏడుపు నాకు తెలుసు. మొదటి రెండు నెలలు స్నానం చేసేటప్పుడు ఒంటిని ఒకసారి పరికించుకోండి. దద్దురు, జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, వీటిలో ఏది కనిపించినా తరువాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఫోన్ చేయండి. మామూలు చెమటపొక్కులేమో అని ఆగవద్దు.

నైట్‌డ్యూటీ

గర్భానికి ముందు, నిలకడగా ఉన్నప్పుడు లామోట్రిజిన్ రక్తస్థాయిని ఒకసారి తీయించి ఆ అంకె దాచుకోండి. గర్భంలో స్థాయి ఎంత పడిపోయిందో పోల్చడానికి, డోసు ఎంత పెంచాలో తేల్చడానికి ఆ అంకే ఆధారం.

వేకువచుక్క

ఆ అంకె సంగతి ఎనిమిదో ప్రశ్నగా రాసుకున్నాను. కేలండరు కొన్నాం. ఎర్ర పెన్సిలు దొరకలేదు, ఆకుపచ్చ పెన్సిలుతో సున్నాలు చుట్టాను. ఈ రోజు తేదీకి సున్నా లేదు, డబ్బా పై అరలో ఉంది.